గదిని పన్నెండో వంతుకు కుదిస్తే

పాతబస్తీ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో హైదరాబాద్ భవనాల వెండి నమూనాలు ఉన్నాయి. 1937లో జరిగిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవానికి వచ్చిన కానుకలతో వెలసిన మ్యూజియం అది. ఆ నమూనాల పనితనం గొప్పదే. అయితే ఎక్కువగా కనిపించేది బయటి రూపమే. ఆ గోడల మధ్య జనం ఎలాంటి కుర్చీలో కూర్చున్నారో, ఏ నేల మీద నడిచారో తెలియదు.

ఆ కాలంలోనే, 1932 నుంచి 1940 దాకా, అమెరికాలో నార్సిసా థార్న్ నిపుణుల చేత బుల్లి గదులు చేయించారు. వాటిలో 68 షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. రాజసం ఒలికే పాత గదులతో పాటు 1930ల నాటి ఆధునిక ఫ్రెంచి గ్రంథాలయం కూడా ఉంది. కొలత ఒక్కటే: అడుగుకు అంగుళం. ఢిల్లీలో నిజాం కోసం హైదరాబాద్ హౌస్‌కు రూపమిచ్చిన వాస్తుశిల్పి లుటియెన్స్, 1924 నాటికి బ్రిటన్ రాణి మేరీ బొమ్మరిల్లు కట్టిందీ ఈ కొలతతోనే.

ఈ కొలతను పురానీ హవేలీలోనే వేసి చూద్దాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాల వరుస పొడవు 176 అడుగులు. పన్నెండో వంతుకు తగ్గిస్తే 14 అడుగుల 8 అంగుళాలు. బొమ్మగా చేసినా మామూలు గదిలో పట్టదు! పొడవు 12 రెట్లు తగ్గితే వైశాల్యం 144 రెట్లు, ఘనపరిమాణం 1,728 రెట్లు తగ్గుతాయి. అంటే అదే కర్రతో చేస్తే 1,728 కిలోల బీరువా ఒక్క కిలోకు దిగుతుంది.

నగిషీలున్న గది కంటే ఆధునిక గదిని కుదించడమే కష్టమని నా అభిప్రాయం. నగిషీలో చిన్న తప్పు కలిసిపోతుంది. నున్నటి గోడ మీద వెంట్రుకంత అతుకు కూడా బయటపడుతుంది. అంగుళం మందం ఉక్కు గొట్టం కుర్చీకి సుమారు 2 మిల్లీమీటర్ల తీగ కావాలి, అదీ వంపు దగ్గర నొక్కుకుపోకుండా. మొజాయిక్ నేలలో అరంగుళం రాతి ముక్క మిల్లీమీటరు పలుకు అవుతుంది. టేకు చారలు మాత్రం తగ్గవు. సన్నని చారలున్న మరో కర్ర వెతకాలి. తెర గుడ్డ కూడా అంతే, మడత సహజంగా జారదు.

ఇంత పనికీ ముందు కావలసింది అసలు గది కొలతలు. మీ ఇంట్లో 1930, 40ల నాటి మొజాయిక్ నేల, గుండ్రటి మూలల గోడ, పాత స్విచ్ బోర్డు మిగిలి ఉంటే, మేస్త్రీ సుత్తి ఎత్తకముందే టేపు పట్టి కొలిచి, ఫోటోలు తీసి, కాగితం మీద గీసి పెట్టండి.