మైనస్ వచ్చినంత మాత్రాన లెక్క తప్పు కాదు



పన్నెండో తరగతి ఫిజిక్స్‌లో కరెంట్ ఎలక్ట్రిసిటీ పాఠం మొదలయ్యాక, రెండు బ్యాటరీలున్న సర్క్యూట్ దగ్గర చాలామంది పిల్లలు ఆగిపోతారు. కరెంట్ ఎటు పోతుందో ముందే ఊహించబోతారు. జవాబులో మైనస్ వస్తే కంగారుపడి కొట్టేస్తారు. జేఈఈ మెయిన్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది కాబట్టి ఈ అలవాటు ఖరీదైనదే. దీన్ని మాన్పించే పద్ధతి నోడ్ అనాలిసిస్.

మూడు లేదా అంతకంటే ఎక్కువ వైర్లు కలిసే చోటు నోడ్. అక్కడికి ఎంత కరెంట్ వస్తే అంతే బయటికి పోవాలి, మధ్యలో నిల్వ ఉండదు. గుస్తావ్ కిర్కాఫ్ 1845లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే చెప్పిన నియమం ఇది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక నోడ్‌కు మూడు దారులున్నాయి. మొదటి దారిలో 12 వోల్టుల బ్యాటరీ, 2 ఓమ్‌ల రెసిస్టర్. రెండో దారిలో 4 వోల్టుల బ్యాటరీ, 1 ఓమ్ రెసిస్టర్. మూడో దారిలో 6 ఓమ్‌ల రెసిస్టర్ మాత్రమే. రెండు బ్యాటరీల ప్లస్ వైపు నోడ్ దిక్కున ఉంది. మూడు దారుల రెండో కొసలూ ఒకచోట కలుస్తాయి. ఆ చోటును సున్నా వోల్టులు అనుకుంటాం. నోడ్ వోల్టేజ్‌ను ‘వి’ అందాం.

మూడు కరెంట్లూ నోడ్ నుంచి బయటికే పోతున్నాయని రాసుకోవాలి. ఊహించే పని లేదు.

(వి − 12)/2 + (వి − 4)/1 + వి/6 = 0

అన్నింటినీ 6తో గుణిస్తే 10వి = 60. అంటే వి = 6 వోల్టులు.

ఇప్పుడు కరెంట్లు: మొదటి దారిలో −3, రెండో దారిలో +2, మూడో దారిలో +1 ఆంపియర్లు. ఆ మైనస్‌కు అర్థం, 3 ఆంపియర్లు బయటికి పోవడం లేదు, లోపలికి వస్తున్నాయని. రెండో దారిలో ప్లస్ రావడం ఇంకా ఆసక్తికరం: 4 వోల్టుల బ్యాటరీ కరెంట్ ఇవ్వడం లేదు, తీసుకుంటోంది. కరెంటు ఉన్నప్పుడు ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ చార్జ్ అయ్యేదీ ఇలాగే. బ్యాటరీ ఎప్పుడూ కరెంట్ ఇస్తుందని ఊహించిన విద్యార్థి సరిగ్గా ఇక్కడే తడబడతాడు.

ఫిజిక్స్ చదవని తల్లిదండ్రులు కూడా ఈ లెక్కను సరిచూడవచ్చు. మీ అబ్బాయినో అమ్మాయినో ఒక్క ప్రశ్న అడగండి: “నోడ్‌లోకి వచ్చింది ఎంత? పోయింది ఎంత?” ఇక్కడ వచ్చింది 3, పోయింది 2 + 1. రెండూ సమానం కాకపోతే, జవాబు రాసే ముందు ఆ లెక్కను మళ్లీ చేయించండి.