ఆధారం చెరగకముందే

యంత్రశాలలో ప్రమాదం జరిగితే క్షతగాత్రులను ఆదుకున్న తరువాత, విచారణాధికారి వచ్చేవరకు రాలిపడిన బోల్టును సైతం కదపరాదన్న నియమం మనందరికీ శిక్షణలో నేర్పినదే. కంప్యూటరు విషయంలో మాత్రం ఈ నియమాన్ని విస్మరిస్తున్నాం. తెరపై అనుమానాస్పద సందేశం కనబడగానే యంత్రాన్ని ఆపివేసి, హార్డ్ డిస్కును ఫార్మాట్ చేసి, సాయంత్రానికల్లా పని పునరుద్ధరించడమే సామర్థ్యమని భావిస్తున్నాం. కాని దుండగుడు ఏ ద్వారం గుండా చొరబడ్డాడో, ఇంకా ఎన్ని యంత్రాలలో పొంచి ఉన్నాడో తెలిపే సాక్ష్యం ఆ ఫార్మాట్‌తోనే నశిస్తుంది. దొంగిలించిన పాస్‌వర్డుతో మన సహోద్యోగి పేరిట ఎవరో లోనికి వచ్చి ఉంటే, అతని నిర్దోషిత్వాన్ని నిరూపించే ఆధారమూ దానితోనే పోతుంది.

ప్రభుత్వరంగ సంస్థలకు ఇది దూరపు ముచ్చట కాదు. 2019 సెప్టెంబరులో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రంలో, ఇంటర్నెట్‌తో కూడిన పరిపాలనా నెట్‌వర్కుకు చెందిన ఒక కంప్యూటరులో హానికర సాఫ్ట్‌వేర్ బయటపడింది. ప్లాంటు వ్యవస్థలకు హాని కలుగలేదని విచారణలో తేలినట్లు అణువిద్యుత్ సంస్థ అక్టోబరు 30న ప్రకటించింది. అట్టి భరోసా ఇవ్వాలంటే విచారణ జరగాలి. విచారణకు ఆధారం మిగలాలి.

అందుచేత అనుమానం కలిగిన వెంటనే చేయవలసినది స్వల్పమే. నెట్‌వర్క్ కేబులు తీసివేయాలి, వైఫై ఆపాలి. యంత్రాన్ని మాత్రం ఆపరాదు, రీస్టార్ట్ చేయరాదు. నడుస్తున్న ప్రోగ్రాముల జాడ ఉండే ర్యామ్, విద్యుత్తు పోగానే చెరిగిపోతుంది. నెట్‌వర్కునుండి విడదీయడం అసాధ్యమైనప్పుడే ఆపివేత గురించి ఆలోచించాలి. పిమ్మట కంప్యూటర్ విభాగానికి ఈమెయిలు ద్వారా కాక ఫోనులో తెలపాలి. ఏ సమయానికి ఏమి చూశామో, ఏమి ముట్టుకున్నామో షిఫ్టు లాగ్ పుస్తకంలో వలె కాగితంపై వ్రాసి సంతకం చేయాలి.

నిపుణులు అసలు డిస్కును పరిశీలనకు వాడరు. దానిపై ఒక్క అక్షరమూ పడకుండా రైట్ బ్లాకర్ అమర్చి, సంపూర్ణమైన నకలు తీస్తారు. రెండింటికీ హ్యాష్ విలువ లెక్కిస్తారు. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఇది 64 అక్షరాంకెల వరుస. డిస్కులో ఒక్క బిట్టు మారినా వరుస యావత్తూ మారిపోతుంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం న్యాయస్థానానికి సమర్పించే ధ్రువపత్రంలో ఈ విలువను నమోదు చేయాలి. డిస్కు ఎవరి చేతినుండి ఎవరి చేతికి, ఎప్పుడు మారిందో తెలిపే పట్టికా అంతే ముఖ్యం.

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. జాతీయ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలలో, ఘటనను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలన్నది నియమం. లాగ్‌లను 180 దినాలు భద్రపరచాలనీ ఆ ఆదేశాలే చెబుతున్నాయి. కనుక తాను నొక్కిన లింకువలన ఇది జరిగిందేమోనన్న భయంతో ఎవరూ మౌనం వహించరాదు. మొదట చెప్పినవారిని దోషిగా చూడరాదని అధికారులూ గ్రహించాలి.

ఇంటివద్దనూ ఇదే నీతి. బ్యాంకు ఖాతాలో సొమ్ము మోసానికి గురైతే సిగ్గుపడి సందేశాలను చెరిపివేయక, వాటిని అలాగే ఉంచి, తక్షణమే 1930కి ఫోను చేయాలని కుటుంబ సభ్యులందరికీ మన ఉద్యోగులు తెలియజెప్పాలి. పోయినదానిని తిరిగి రాబట్టే అవకాశం, మిగిలిన ఆధారం మీదనే ఆధారపడి ఉంటుంది.