పగలని క్యానుకూ శత్రువులున్నాయి

మా మదర్సాలో పిల్లలు తాగే నీళ్ల క్యానును చాలాకాలం వేడి సోడా నీళ్లతో కడిగించేవాళ్లం. క్రమంగా అది మసకబారి, మెడ దగ్గర సన్నని పగుళ్లు వచ్చాయి. శుభ్రత కోసం చేసిన పనే దాన్ని పాడుచేసింది.

ఆ క్యాను పాలీకార్బొనేట్‌ది. జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ ష్నెల్ 1953లో రూపొందించిన ఈ ప్లాస్టిక్ దెబ్బకు పగలదు. ఉప్పుగాలికి తుప్పు పట్టదు. అందుకే కూచిపూడి మొదలు మచిలీపట్నం, దివిసీమ వరకు వరండా కప్పులకు ఈ రేకులు నప్పుతాయి. నిమ్మరసం, వెనిగర్ వంటి బలహీన ఆమ్లాలనూ ఇది తట్టుకుంటుంది.

అయితే క్షారాలకు లొంగిపోతుంది. కాస్టిక్ సోడా, అమ్మోనియా దీని అణుబంధాలను తెంచుతాయి. వేడి ఆ పనిని వేగవంతం చేస్తుంది. అప్పుడు బిస్ఫినాల్-ఎ అనే రసాయనం నీటిలోకి చేరుతుంది. అది హార్మోన్ల పనికి అడ్డుతగులుతుందన్న ఆందోళనతోనే ఐరోపా సమాఖ్య 2011లో పాలీకార్బొనేట్ పాలసీసాలను నిషేధించింది.

థిన్నర్, అసిటోన్ తగిలితే ఇది పగుళ్లిస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కుతుంది. రక్షణ పూత ఉన్న రేకునైతే ఆ పూత వైపే ఆకాశానికి ఉండేలా బిగించాలి.

కనుక సోదరీమణులారా! క్యాను అడుగున త్రికోణంలో 7 అంకె, ‘పీసీ’ అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే గోరువెచ్చని నీరు, తేలికపాటి సబ్బు, మెత్తని గుడ్డ చాలు. మసకబారినదాన్ని తాగునీటికి వాడకండి. పసిబిడ్డల పాలకు గాజు లేదా స్టీలు పాత్రే మేలు.