కొసరు కార్డుల లెక్క

తూకం పూర్తయిన తరువాత కొట్టు యజమాని మరో గుప్పెడు వేరుశనగకాయలు సంచిలో పోయడం మన ప్రాంతంలో తరతరాలుగా ఉన్న అలవాటు. దానికి కొసరు అని పేరు. అడగడం కొన్నవారి హక్కు, విసుక్కుంటూనైనా పోయడం అమ్మినవారి మర్యాద. అసలు కంటే కొసరు ముద్దు అన్న సామెత ఊరికే పుట్టలేదు. నేడు ఆ కొసరు రూపం మార్చుకుంది. సూపర్ మార్కెట్టు కౌంటరు దగ్గర "ఫోన్ నంబరు చెప్పండి" అన్న ప్రశ్నగానూ, బిల్లు అడుగున "మీ ఖాతాలో 23 పాయింట్లు జమ అయినవి" అన్న పంక్తిగానూ అది మనకు దర్శనమిస్తున్నది. మా శ్రీమతి చేతిసంచిలో ఇటువంటి కార్డులు నాలుగున్నాయి. కార్డు లేని దుకాణాలలో ఫోన్ నంబరే కార్డు.

ఈ కార్డుల వల్ల నిజంగా లాభమున్నదా అన్న ప్రశ్న మా విభాగంలో మధ్యాహ్న భోజన విరామంలో తరచుగా వస్తుంటుంది. పదవీ విరమణకు చేరువైన మిత్రులకు ఇది కాలక్షేపపు ప్రశ్న కాదు. ఇ.పి.ఎస్.-95 కింద వచ్చే కొద్దిపాటి పెన్షన్ తప్ప మరో నెలసరి ఆదాయం లేనివారు మనలో ఉన్నారు. వారికి నెల వెచ్చాలలో మిగిలే వంద రూపాయలు కూడా లెక్కలోనివే.

ఏ యంత్రం సామర్థ్యాన్ని అంచనా కట్టాలన్నా, లోపలికి వెళ్ళినదాన్నీ బయటికి వచ్చినదాన్నీ ఒకే ప్రమాణంలోకి మార్చుకోవాలని మనకు కళాశాలలో తొలి సంవత్సరమే నేర్పారు. పాయింటు అనేది రూపాయి కాదు. ఆ సంగతి మరపించడానికే దానికి వేరే పేరు పెట్టారని నా అభిప్రాయం. మేము సరుకులు కొనే ఒక గొలుసు దుకాణంలో 100 రూపాయలకు ఒక పాయింటు ఇస్తారు. ఒక పాయింటు వాడుకునేటప్పుడు దాని విలువ 70 పైసలు. అంటే లభించేది నూటికి 0.7 వంతు. నెలకు 9,000 రూపాయల సరుకులు కొనే కుటుంబం సంవత్సరానికి 1,08,000 రూపాయలు ఖర్చు చేస్తే, 1,080 పాయింట్లు జమ అవుతాయి. రూపాయలలో అది 756. నెలకు 63 రూపాయలు.

ఈ 63 రూపాయలను చిన్నచూపు చూడనవసరం లేదు. అయితే దానిని దేనితో పోల్చాలన్నదే ముఖ్యం. పక్క వీధిలోని పచారీ కొట్టులో కందిపప్పు కిలోకు 8 రూపాయలు తక్కువకు దొరుకుతున్నదనుకుందాం. నెలకు ఐదు కిలోలు వాడే ఇంటికి 40 రూపాయలు మిగులుతాయి. వంటనూనె లీటరుకు 6 రూపాయలు తక్కువైతే, ఐదు లీటర్లపై మరో 30. ఈ రెండు వస్తువులతోనే 70 రూపాయలు వచ్చాయి. అంటే రెండే సరుకులలోని ధర తేడా, మొత్తం నెల పాయింట్లను మింగివేసింది. సూపర్ మార్కెట్టుకు వెళ్ళిరావడానికి ఆటో ఎక్కితే పాయింట్ల ప్రసక్తే అనవసరం. తేడా ఎదురుదిశలోనూ ఉండవచ్చు. సబ్బులు, టూత్‌పేస్టు వంటివి పెద్ద దుకాణంలోనే చౌకగా దొరకడం నేను చూశాను. అక్కడ పాయింట్లు నిజమైన కొసరే. కాని అప్పుడు కూడా మనల్ని అక్కడికి తీసుకువెళ్ళవలసినది ధర, పాయింటు కాదు.

ధర పోల్చడం ఈ రోజుల్లో మునుపటికంటె తేలిక. ఎం.ఆర్.పి. అని మనం పిలిచే గరిష్ఠ చిల్లర ధరతోపాటు, గ్రాముకో కిలోకో లీటరుకో ఎంత పడుతుందన్న యూనిట్ ధరను కూడా ప్యాకెట్టుపై ముద్రించవలసి ఉంది. 900 గ్రాముల ప్యాకెట్టును కిలో ప్యాకెట్టుగా భ్రమింపజేసే విద్య దీనితో కొంత తగ్గింది. కళ్ళజోడు తీసుకుని వెళ్ళాలి, అంతే.

మరి దుకాణం ఈ 0.7 శాతాన్ని ఎందుకు వదులుకుంటున్నది? దీనికి సమాధానం కోసం కొంత వెనుకకు వెళ్ళాలి. అమెరికాలో స్పెర్రీ అండ్ హచిన్సన్ అనే సంస్థ 1896లోనే ఆకుపచ్చ స్టాంపులను ప్రవేశపెట్టింది. దుకాణదారులు ఆ స్టాంపులను కొని, ఖాతాదారులకు కొనుగోలును బట్టి పంచేవారు. వాటిని పుస్తకంలో అతికించి, పుస్తకం నిండిన తరువాత ఏ వంటపాత్రగానో దుప్పటిగానో మార్చుకునేవారు. బ్రిటన్‌లో టెస్కో సంస్థ 1963 నుంచి ఇటువంటి గ్రీన్ షీల్డ్ స్టాంపులు ఇచ్చి, 1977లో వాటిని మానివేసి, ఆ సొమ్ముతో ధరలు తగ్గించింది. అదే టెస్కో 1995 ఫిబ్రవరిలో క్లబ్‌కార్డు పేరుతో మళ్ళీ అదే బాట పట్టింది. కొన్నదానిలో సుమారు ఒక శాతం తిరిగి ఇచ్చింది. ఆ సంవత్సరమే అది సెయిన్స్‌బరీస్‌ను దాటి ఆ దేశంలో అతిపెద్ద కిరాణా సంస్థ అయింది.

స్టాంపుకూ కార్డుకూ మధ్య తేడా ఒక్కటే, అయితే అది చాలా పెద్దది. స్టాంపుకు జ్ఞాపకశక్తి లేదు. కార్డుకు ఉంది. ఎవరు, ఏ రోజున, ఏ సరుకుతో కలిపి ఏ సరుకు కొన్నారో కార్డు నమోదు చేస్తుంది. టెస్కో కోసం ఆ దత్తాంశాన్ని విశ్లేషించినవారు ఎడ్వినా డన్, క్లైవ్ హంబీ అనే దంపతులు. పసిపిల్లల డైపర్లు కొనడం మొదలుపెట్టిన ఇంటికి ఏ కూపన్ పంపాలో, కొనడం తగ్గించిన ఖాతాదారును ఏ వస్తువుతో వెనుకకు రప్పించాలో ఇటువంటి విశ్లేషణతో తెలుస్తుంది. దత్తాంశాన్ని ముడిచమురుతో పోల్చిన మాట ఈ హంబీగారిదేనని చెబుతారు. మన కర్మాగారంలో కంట్రోల్ రూము చేసే పనినే ఆ కార్డు దుకాణానికి చేసిపెడుతున్నది. కాకపోతే అక్కడ కొలవబడుతున్నది మనమే. ఆ 0.7 శాతం మన వివరాలకు దుకాణం చెల్లిస్తున్న వెల అని భావిస్తే లెక్క సరిపోతుంది.

మన దేశంలో షాపర్స్ స్టాప్ 1994లోనే ఫస్ట్ సిటిజన్ పథకాన్ని ప్రారంభించింది. మన సోదర ప్రభుత్వరంగ సంస్థ భారత్ పెట్రోలియం 1999లో పెట్రోబోనస్ తెచ్చింది. కనుక ఇది ప్రైవేటువారి మాయోపాయం మాత్రమే అనడం న్యాయం కాదు.

పాయింట్ల ఆకర్షణలో గణితం కంటె మనస్తత్వం పాలు ఎక్కువ. 2006లో ప్రచురితమైన ఒక ప్రయోగాన్ని ఇక్కడ చెప్పడం ఉచితం. జోసెఫ్ న్యూన్స్, గ్సావియే డ్రెజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కార్లు కడిగే కేంద్రంలో 300 కార్డులు పంచారు. సగం మందికి ఎనిమిది ముద్రలు పడితే ఒకసారి ఉచితం. మిగిలిన సగానికి పది ముద్రలు పడాలి, అయితే రెండు ముద్రలు ముందుగానే వేసి ఇచ్చారు. రెండు కార్డులకూ కావలసినవి ఎనిమిది కడుగుళ్ళే. అయినా మొదటి రకంలో 19 శాతం మంది, రెండవ రకంలో 34 శాతం మంది కార్డు పూర్తి చేశారు. ప్రయాణం మొదలైపోయిందన్న భావనే మనిషిని నడిపిస్తుందన్నమాట. చేరిన రోజునే ఉచితంగా జమచేసే స్వాగత పాయింట్ల రహస్యం ఇదే. "మరో 140 రూపాయలు కొంటే అదనంగా 50 పాయింట్లు" అన్నప్పుడు బుట్టలో అనవసరమైన బిస్కట్టు ప్యాకెట్టు పడుతుంది. నెలకు అటువంటి ప్యాకెట్టు రెండు పడితే పైన చెప్పిన 63 రూపాయలు పోయినట్లే.

వాడని పాయింట్ల సంగతి మన ఆర్థిక విభాగపు మిత్రులకు బాగా తెలుసు. 2018 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఇండ్ ఏఎస్ 115 ప్రమాణం ప్రకారం, పాయింట్లు ఇచ్చే సంస్థ అమ్మకపు రాబడిలో కొంత భాగాన్ని వెంటనే ఆదాయంగా చూపరాదు. ఆ పాయింట్లను ఖాతాదారు వాడుకున్నప్పుడో, అవి మురిగిపోయినప్పుడో చూపాలి. ఎంత శాతం ఎవరూ వాడరో సంస్థ ముందే అంచనా వేసుకుంటుంది. మన మతిమరుపుకు కూడా ఖాతా పుస్తకంలో ఒక పద్దు ఉన్నదని దీని అర్థం.

లెక్కలో నిజంగా లాభం చూపిన పథకం ఒకటి నాకు తెలుసు. బిగ్ బజార్‌వారు ఒకప్పుడు, 10,000 రూపాయలు ముందుగా చెల్లిస్తే పన్నెండు నెలలపాటు నెలకు 1,000 రూపాయల సరుకులు ఇచ్చే కార్డును ప్రవేశపెట్టారు. నెలాఖరు చెల్లింపులుగా లెక్కగడితే నెలకు సుమారు 3 శాతం వడ్డీ పడుతుంది. ఏ బ్యాంకూ అంత ఇవ్వదు. అయితే అది కార్డు కాదు, దుకాణానికి మనమిచ్చిన హామీ లేని అప్పు. 2022లో ఆ దుకాణాలను నడిపిన ఫ్యూచర్ రిటైల్ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. వడ్డీ అంత ఎక్కువగా ఎందుకు ఇస్తున్నారన్నది అప్పు ఇచ్చేవాడు ముందుగా అడగవలసిన ప్రశ్న.

ఇవేవీ లేకుండా వ్యాపారం చేయలేరా? డీమార్ట్ 2002లో ముంబయిలోని పవయీలో తొలి దుకాణం తెరచినప్పటి నుంచి పాయింట్ల జోలికి పోకుండా, ధర తగ్గింపునే నమ్ముకుంది. బ్రిటన్‌లో సేఫ్‌వే సంస్థ 2000లో తన కార్డును రద్దుచేసింది. మరోవైపు, కార్డు ఉన్నవారికి ఒక ధర, లేనివారికి మరో ధర పెట్టే పద్ధతి అక్కడ ఇటీవల పెరిగింది. మామూలు ధరను ముందు పెంచి, తరువాత కార్డుదారులకు తగ్గించినట్లు నటిస్తున్నారని నాకు గట్టి అనుమానం ఉండేది. అయితే ఆ దేశపు పోటీ పర్యవేక్షణ సంస్థ దాదాపు 50,000 వస్తువులను పరిశీలించి, 92 శాతం సందర్భాలలో తగ్గింపు నిజమైనదేనని 2024 నవంబరులో ప్రకటించింది. అనుమానం కంటె కొలత గొప్పది కనుక దీనిని చెప్పితీరాలి. కార్డు ధర కూడా అన్నివేళలా అతి తక్కువ ధర కాదనీ, ఇతర దుకాణాలతో పోల్చి చూసుకొమ్మనీ అదే సంస్థ సూచించింది.

ఇక ఫోన్ నంబరు విషయం. నంబరు ఇవ్వకపోతే బిల్లు వేయమని పట్టుబట్టడం తగదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో చిల్లర వర్తకులకు సూచించింది. అదే సంవత్సరం డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. కౌంటరు దగ్గర "వద్దమ్మా, బిల్లు వేయండి" అంటే చాలు. నేను పలుమార్లు అన్నాను, బిల్లు వచ్చింది.

దీనిని నేను నొక్కి చెప్పడానికి కారణముంది. మన టౌన్‌షిప్‌లోనే ఉండే విశ్రాంత సహోద్యోగి ఒకరికి, వేల రూపాయల విలువైన రివార్డు పాయింట్లు ఆ రాత్రితో మురిగిపోతాయని ఒక సందేశం వచ్చింది. అందులోని లంకెను నొక్కితే ఒక యాప్ ఫోనులోకి దిగింది. అరగంటలో పొదుపు ఖాతా నుంచి పోయిన సొమ్ము, ఆయన ఇరవై ఏళ్ళు పాయింట్లు కూడబెట్టినా రానంత. ఇటువంటి సందేశాల గురించి భారతీయ స్టేట్ బ్యాంకు 2024లోనే ఖాతాదారులను హెచ్చరించింది. ఏ బ్యాంకూ, ఏ దుకాణమూ పాయింట్ల కోసం యాప్ ఫైలును సందేశంలో పంపదు. పొరపాటున నొక్కినవారు క్షణం ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేయాలి. సిగ్గుపడి మరునాటి వరకు ఆగిన కారణంగా ఆ మిత్రుని సొమ్ము తిరిగి రాలేదు.

చివరగా మన గేటు పక్కనున్న ఉద్యోగుల సహకార దుకాణం గురించి. కొన్నదాని దామాషాలో మిగులును కొన్నవారికే పంచడమన్నది సహకారోద్యమం కనిపెట్టిన కొసరు. 1844 డిసెంబరులో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో కొందరు నేతపనివారు, ఇతర కార్మికులు కలిసి ప్రారంభించిన దుకాణం ఈ సూత్రంపైనే నడిచింది. ఆ స్ఫూర్తితోనే 1904లో మద్రాసులో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ వెలసింది. ఇందులో పాయింటుకు గడువు లేదు, మన బుట్టలో ఏమున్నదో ఎవరికీ అమ్మే పని లేదు. మిగులు మనది గనుక మనకే వస్తుంది, మిగులు లేని ఏడాది రాదు.

మన దుకాణంలో లోపాలు లేవని నేననను. మధ్యాహ్నం రెండు గంటలు తలుపులు మూస్తారు. షాంపూ అడిగితే రెండే రకాలు చూపిస్తారు. చింతపండు నాణ్యత గురించి సర్వసభ్య సమావేశంలో నేనే రెండుసార్లు లేచి మాట్లాడాను. కాని సభ్యులు నెల సరుకులను మెల్లమెల్లగా బయటి దుకాణాలకు మళ్ళిస్తే, టోకున కొనే పరిమాణం తగ్గి ధర పెరుగుతుంది. ధర పెరిగితే మరికొందరు వెళ్తారు. కారూ స్కూటరూ లేని విశ్రాంత ఉద్యోగులకు, కాంట్రాక్టు కార్మికుల కుటుంబాలకు నడిచి వెళ్ళగల దుకాణం అదొక్కటే.

అందువల్ల కార్యదర్శిగారిని ఒక్కటే కోరాను. కందిపప్పు, బియ్యం, నూనె, పంచదార, చింతపండు ధరలను, అదే రోజున బయటి రెండు దుకాణాలలోని ధరలతో పక్కపక్కన ప్రతి శనివారం బోర్డుపై రాయించమన్నాను. రెండు నెలలుగా రాస్తున్నారు. గత శనివారం నాటికి కందిపప్పులోనూ బియ్యంలోనూ మనది తక్కువ, పంచదారలో సమానం, నూనెలో బయటి దుకాణానిది నాలుగు రూపాయలు తక్కువ. నూనె టోకు వర్తకుణ్ణి మార్చే విషయం వచ్చే పాలకవర్గ సమావేశపు అజెండాలో చేర్చారు.