ఆరోగ్య సేవల నాణ్యత – జాతీయ కుటుంబ సర్వే

ఆస్పత్రి రిజిస్టర్లలో అక్కడికి వచ్చిన రోగుల వివరాలే ఉంటాయి. అసలు రానివారు ఎందుకు రాలేదో తెలియాలంటే వారి ఇళ్ళకు వెళ్ళి అడగాలి. అందుకే కుటుంబ సర్వే అవసరం. దీని రూపకల్పనను, నిర్వహణను మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఉదాహరణగా పరిశీలిద్దాం. ఈ సర్వే 1992–93లో మొదలైంది. ఐదవ సర్వే (2019–21) సుమారు 6.37 లక్షల కుటుంబాల నుంచి సమాచారం సేకరించింది.

1. నమూనా ఎంపిక: ఎంపిక రెండు దశల్లో జరిగింది. మొదటి దశలో 2011 జనాభా లెక్కల ఆధారంగా గ్రామాలను, పట్టణాల్లో జనగణన బ్లాకులను ఎంచుకున్నారు. రెండవ దశలో అక్కడి కుటుంబాల జాబితాను కొత్తగా తయారుచేసి, ఒక్కోచోట 22 కుటుంబాలను క్రమబద్ధ పద్ధతిలో ఎంచుకున్నారు. ఉదాహరణకు, జాబితాలో 220 కుటుంబాలు ఉంటే ప్రతి పదవ కుటుంబం నమూనాలోకి వస్తుంది.

2. క్షేత్రస్థాయి నియమం: ఎంపికైన ఇంటికి తాళం వేసి ఉంటే పక్కింటివారిని అడిగి ఫారం నింపవచ్చా? నింపకూడదు. ఆ ఇంటివారు రోగిని తీసుకొని పట్నం ఆస్పత్రికి వెళ్ళి ఉండవచ్చు. వారికి బదులు పక్కింటిని తీసుకుంటే, మనం ఎవరి అనుభవం తెలుసుకోవాలనుకున్నామో వారే లెక్కలోకి రాకుండా పోతారు. కాబట్టి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. అప్పటికీ కలవకపోతే 'సమాచారం రాలేదు' అని నమోదు చేయాలి.

3. ప్రశ్నల తయారీ: "వైద్యం బాగుందా?" అని అడిగితే చాలామంది మొహమాటానికి "బాగానే ఉంది" అంటారు. అందువల్ల నిర్దిష్టంగా అడగాలి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే సాధారణంగా ఎక్కడికి వెళతారని ఈ సర్వే అడుగుతుంది. ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళమన్నవారిని కారణాలు కూడా అడుగుతుంది: దగ్గరలో లేకపోవడం, పనివేళలు కుదరకపోవడం, సిబ్బంది తరచూ లేకపోవడం, ఎక్కువసేపు వేచి ఉండాల్సి రావడం, నాణ్యత లోపించడం. ఐదవ సర్వేలో దాదాపు సగం కుటుంబాలు ప్రభుత్వ ఆస్పత్రికి సాధారణంగా వెళ్ళమన్నాయి. వారు చెప్పిన ప్రధాన కారణాల్లో నాణ్యతా లోపం ఒకటి.

4. పరిమితి: ఈ జవాబులు ప్రజల అభిప్రాయాన్ని తెలుపుతాయి. డాక్టరు జబ్బును సరిగా గుర్తించారా, సరైన మందు ఇచ్చారా అన్నది వీటివల్ల తేలదు. అందుకు ఆస్పత్రుల్లో వేరుగా పరిశీలన జరపాలి. అయినా ఈ అభిప్రాయాన్ని తేలికగా తీసుకోరాదు. జబ్బు చేసినప్పుడు ఎక్కడికి వెళ్ళాలో కుటుంబం నిర్ణయించుకునేది దాన్ని బట్టే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
తాళం వేసిన ఇళ్ళన్నింటికీ బదులు పక్కిళ్ళను తీసుకుంటే సర్వే ఫలితం ఏవైపు మొగ్గుతుంది? కారణం రాయండి.