చక్రం చెప్పేదొకటి, ఫోన్ చూపేదొకటి

సైకిల్ తొక్కిన దూరాన్ని స్మార్ట్‌ఫోన్లు తరచూ తప్పుగా చూపుతున్నాయి. పొరపాటును తగ్గించే మార్గాలు చాలావరకు రైడర్ల చేతిలోనే ఉన్నాయి

ఆదివారం తెల్లవారుజాము. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నార్సింగి దగ్గరికి సైక్లిస్టులు ఒక్కొక్కరే చేరుకుంటారు. హెల్మెట్ బిగించుకుని, ఫోన్‌లో యాప్ తెరిచి, 'స్టార్ట్' నొక్కి కొల్లూరు వైపు బయల్దేరతారు. తిరిగొచ్చాక చెమట తుడుచుకోకముందే ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసుకోవడం మామూలే. పేచీ మొదలయ్యేది అక్కడే. కలిసి తొక్కినా ఇద్దరి ఫోన్లలో దూరం ఒకటిగా ఉండదు. మ్యాప్ మీద ఒకరి గీత ట్రాక్ వదిలేసి పక్కనున్న ఎనిమిది వరుసల రహదారి ఎక్కేస్తుంది.

2023 అక్టోబరు 1న ప్రారంభమైన ఈ 23 కి.మీ. ట్రాక్‌కు చాలా మేర సౌర ఫలకాలే పైకప్పు. రైడర్లను ఎండావానల నుంచి కాపాడే ఆ కప్పే ఫోన్‌కు మాత్రం ఇబ్బంది తెచ్చిపెడుతుంది. నడినెత్తిన ఉన్న ఉపగ్రహాల సంకేతాలను అది అడ్డుకుంటుంది, బలహీనపరుస్తుంది.

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కి.మీ. ఎత్తున తిరుగుతుంటాయి. వాటి సంకేతం ఎప్పుడు బయల్దేరిందో, ఎప్పుడు చేరిందో లెక్కగట్టి ఫోన్ తన స్థానాన్ని తేల్చుకుంటుంది. ఇందుకు కనీసం నాలుగు ఉపగ్రహాలు కనిపించాలి. సంకేతం కాంతి వేగంతో వస్తుంది కనుక, సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా దూరం లెక్క 300 మీటర్లు తప్పుతుంది. ఎత్తైన భవనాలకు తగిలి చుట్టు తిరిగి వచ్చే సంకేతాలతో చిక్కు అదే. గచ్చిబౌలి అద్దాల మేడల మధ్య గీత వంకర్లు పోవడానికి కారణం ఇదే.

ఆకాశం పూర్తిగా కనిపించే చోట సైతం స్మార్ట్‌ఫోన్‌లో సాధారణంగా 5 మీటర్ల దాకా తేడా ఉంటుందని అమెరికా ప్రభుత్వ జీపీఎస్ విభాగమే చెబుతోంది. గంటకు 18 కి.మీ. వేగంతో వెళ్లే సైకిల్ ఒక సెకనులో ముందుకు సాగేదీ అంతే దూరం. అదృష్టవశాత్తూ వెంటవెంటనే వచ్చే పొరపాట్లు చాలావరకు ఒకే దిక్కున ఉంటాయి కనుక గీత మరీ చెదిరిపోదు. కానీ నీడలో, మలుపుల్లో అవి అటూ ఇటూ అయినప్పుడు గీత పాములా మెలికలు తిరిగి, తొక్కని దూరం లెక్కలోకి చేరుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా చుక్క అటూఇటూ కదులుతూ మీటర్లు పెంచుతుంది. 'ఆటో పాజ్' సదుపాయం ఉన్నది అందుకే.

దీనికి విరుద్ధమైన తప్పూ ఉంది. బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు ఆన్‌లో ఉంటే, తెర ఆరిపోగానే ఫోన్ యాప్‌ను నిద్రపుచ్చుతుంది. స్థానం సెకనుకోసారి కాకుండా ఎప్పుడో ఒకసారి నమోదవుతుంది. రెండు చుక్కల మధ్య తిన్నని గీత పడి మలుపులన్నీ మాయమవుతాయి. దాంతో దూరం తగ్గుతుంది. చాలామంది ఉపగ్రహాలను నిందిస్తారు గానీ అసలు దోషం తరచూ ఫోన్ సెట్టింగ్స్‌దే. రైడ్ నమోదు చేసే యాప్‌కు బ్యాటరీ ఆంక్షల నుంచి మినహాయింపు ఇవ్వడం, కచ్చితమైన లొకేషన్ వాడుకునేందుకు అనుమతించడం మొదట చేయాల్సిన పనులు.

యాప్ తెరిచిన మరుక్షణమే తొక్కడం మొదలుపెట్టడం మరో పొరపాటు. తానెక్కడుందో తెలిపే వివరాలను ఒక్కో ఉపగ్రహం 30 సెకన్లకోసారి ప్రసారం చేస్తుంది. మొబైల్ డేటా ఉంటే ఫోన్ వాటిని నెట్ నుంచి వెంటనే తెచ్చుకుంటుంది. ఛార్జింగ్ మిగులుతుందని ఫ్లైట్ మోడ్‌లో పెడితే ఆ సాయం అందదు. ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగిస్తే ఆకాశం బాగా కనిపిస్తుంది. ప్యాంటు జేబులో ఉంటే ఒంటి చాటున సంకేతం బలహీనపడుతుంది.

ఫోన్ల సామర్థ్యమూ పెరిగింది. పౌరుల సంకేతాన్ని కావాలనే మసకబార్చే విధానాన్ని అమెరికా 2000 మే నెలలో ఎత్తేసింది. 2018లో వచ్చిన షావోమీ ఎంఐ 8 రెండు పౌనఃపున్యాలను అందుకునే తొలి స్మార్ట్‌ఫోన్. ఎల్5 అనే రెండో సంకేతం, నేరుగా వచ్చినదేదో గోడకు తగిలి వచ్చినదేదో వేరు చేయడానికి తోడ్పడుతుంది. 2013లో తొలి ఉపగ్రహంతో మొదలైన భారత నావిక్ వ్యవస్థ కూడా ఎల్5 సంకేతాన్ని పంపుతుంది. 2023 మేలో ఇస్రో ప్రయోగించిన ఎన్‌వీఎస్-01తో, ఎక్కువ ఫోన్లకు అలవాటైన ఎల్1 సంకేతం కూడా నావిక్‌కు తోడైంది. కొత్త ఫోన్ కొనే సైక్లిస్టు కెమెరాతో పాటు ఈ ఎల్5 సంగతి కూడా ఆరా తీయడం మంచిది.

దూరం కచ్చితంగా కావాలంటే పాత పద్ధతికి తిరుగులేదు. చక్రం ఇరుసుకు తగిలించే చిన్న సెన్సర్ చుట్లు లెక్కబెట్టి బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు చెబుతుంది. రోడ్డు సైకిల్ చక్రం ఒక్క చుట్టుకు సుమారు 2.1 మీటర్లు కదులుతుంది. టైరు చుట్టుకొలత సరిగ్గా ఇస్తే చాలు, పైన కప్పు ఉన్నా సొరంగం ఉన్నా దాని లెక్క మారదు.

అయితే ఇదంతా పట్టికలో పైమెట్టు కోసమే కాదు. 13 గంటల 30 నిమిషాల గడువులో 200 కి.మీ. తొక్కేందుకు చీకట్లో హైవే ఎక్కే వారి ఇళ్లలో, ఫోన్ తెర మీద కదిలే చుక్కను చూస్తూ కూర్చునేవారు ఉంటారు. చుక్క ఉన్నట్టుండి ఆగిపోతే అది టీ కొట్టు దగ్గరో, ప్రమాదం జరిగిన చోటో తేల్చుకోలేక కంగారు పడేదీ వారే. సాయానికి వెళ్లేవారికి డివైడర్‌కు ఏ పక్కకు వెళ్లాలో చెప్పేది కూడా ఆ చుక్కే. నార్సింగిలో కప్పు కిందికి వెళ్లేముందు ఆరుబయట అర నిమిషం ఆగడం అంత పెద్ద శ్రమేమీ కాదు.