తాళ్ళపాక అన్నమాచార్యులు

తాళ్ళపాక అన్నమాచార్యులు (1408 - 1503) పదకవితా పితామహుడిగా పేరొందిన తెలుగు వాగ్గేయకారుడు. తిరుమల వేంకటేశ్వరునిపై ఆయన 32,000 సంకీర్తనలు రచించినట్లు మనుమడు చిన్నన్న తన ద్విపద కావ్యం "అన్నమాచార్య చరిత్రము"లో పేర్కొన్నాడు. వాటిలో నేడు లభిస్తున్నవి సుమారు 12,000. సాహిత్యం ఇంత దక్కినా, అన్నమయ్య పాడిన వరుసలు మాత్రం మనకు దక్కలేదు.

జీవితం

అన్నమయ్య రాజంపేట సమీపంలోని తాళ్ళపాక గ్రామంలో నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు జన్మించాడు. చిన్ననాడే తిరుమల చేరి, ఘనవిష్ణువు అనే యతి వద్ద వైష్ణవ దీక్ష పొందాడు. అహోబిలంలో శఠకోప యతి వద్ద వేదాంతం అభ్యసించాడు. పదహారవ ఏట స్వామి సాక్షాత్కారం కలిగిందని, అప్పటినుండి సంకీర్తన రచన సాగిందని రాగిరేకులపై ఉంది. భార్య తిమ్మక్క "సుభద్రా కల్యాణం" రచించింది. ఆమెను తెలుగులో తొలి కవయిత్రిగా పలువురు భావిస్తారు.

సాళువ నరసింహరాయలు అన్నమయ్యను ఆదరించాడు. శృంగార సంకీర్తన విని ముగ్ధుడై, తనపైన కూడా అటువంటి పదం చెప్పమన్నాడట. హరిని కీర్తించిన నాలుకతో నరుని కీర్తించజాలనని కవి నిరాకరించగా, రాజు సంకెళ్ళు వేయించాడని చిన్నన్న కథనం. స్వామిని ప్రార్థించగా ఆ సంకెళ్ళు ఊడిపోయాయన్నది భక్తుల విశ్వాసం. మహిమ మాట ఎలా ఉన్నా, పోషించిన రాజుకే కాదని చెప్పడం ఆ కాలంలో సామాన్య విషయం కాదు.

రచనల స్వరూపం

సంకీర్తనలను అధ్యాత్మ, శృంగార సంకీర్తనలని రెండుగా విభజించారు. ఎక్కువ భాగం పల్లవి, మూడు చరణాలతో ఉంటాయి. ఏలలు, లాలి, సువ్వి, గొబ్బి పాటలు, తుమ్మెద పదాలు మొదలైన జానపద ఫణుతులు వీటిలో విరివిగా కనిపిస్తాయి. పొలంలో, రోకటి దగ్గర వినిపించే మాటను వేదాంతానికి వాహకం చేయడమే ఆయన ప్రత్యేకత. సంస్కృతంలో రచించిన "సంకీర్తన లక్షణం" లభించలేదు. చినతిరుమలాచార్యుడు చేసిన దాని తెలుగు సేత మాత్రం మిగిలింది.

రాగిరేకులు

కుమారుడు పెదతిరుమలాచార్యుడు సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించాడు. తిరుమల ఆలయంలో హుండీకి ఎదురుగా ఉన్న సంకీర్తన భండారం అనే చిన్న అరలో వాటిని భద్రపరచారు. తరువాత అవి మరుగున పడ్డాయి. 19వ శతాబ్ది తొలినాళ్ళలో క్యాంబెల్ దొర ఆ రేకులలో తెలుగు వ్యాకరణం ఉందని విని ప్రతులు తీయించాడు. స్తోత్ర గీతాలే కనిపించడంతో ఆయన నిరాశ చెందాడు! 20వ శతాబ్దిలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ తదితరుల కృషితో అవి పరిష్కృతమై, తిరుమల తిరుపతి దేవస్థానముల ప్రచురణలుగా వెలువడ్డాయి.

స్వరాలు

రేకులపై ప్రతి సంకీర్తనకు రాగం పేరు ఉంది కాని, స్వరాలు లేవు. వాటిలో అబాలి, కొండమలహరి, అమరసింధు వంటి రాగాలు నేడు అరుదుగా వినబడేవి. పేరు నిలిచిన రాగాల స్వరూపం కూడా అయిదు వందల ఏళ్ళలో మారి ఉండవచ్చు. కనుక నేడు కచేరీలలో వినిపించే బాణీలలో అత్యధికం అన్నమయ్యవి కావు. రాళ్ళపల్లి, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ మొదలైన 20వ శతాబ్ది విద్వాంసులు కూర్చినవి. 1978లో దేవస్థానం ప్రారంభించిన అన్నమాచార్య ప్రాజెక్టు ఈ కృషిని విస్తరింపజేసింది. ఒకే సంకీర్తన రెండు మూడు రాగాలలో వినిపించడానికి కారణం ఇదే.